తడి తూకం

లీమాలో చలికాలం వాన కురవదు,
నానుతుంది.
గరువా అంటారు దాన్ని. గొడుగుకి తక్కువ, చెమటకి ఎక్కువ.
గమార్రా బజారు సందులో, గోనెసంచుల మీద
తెల్లారినప్పటి నుంచీ కూర్చునే ఉంది.

పై సంచి వద్దన్నాను హెర్మెలిండాతో.
"మధ్యలోది తియ్యి, పొడిగా ఉన్నది."
కిలో ఎనిమిది సోళ్ళు. తడిగుడ్డ బరువెక్కువ.
మా గుట్ట మీద ఎలాగూ ట్యాంకరు దగ్గర
పీపా లెక్కన నీళ్ళు కొనుక్కునేదాన్ని,
ఇక్కడ కూడా కొనాలా?
ఆమె నవ్వలేదు. మధ్య సంచి లాగింది.
"కెలక్కు. చేతికి ఏదొస్తే అదే."

థాను బట్ట మీటరు పద్దెనిమిది.
ఎదురు కొట్టు అద్దాల వెనక
చుట్టచుట్టుకుని పడుకునుంది, దానికేం తొందర?
నా దగ్గరున్నవి తొమ్మిదిన్నర.
అందులో ఒకటిన్నర బస్సువాడిది.

కాబట్టి ముక్కలే.
ఏ కార్ఖానా కోతబల్ల కిందనో రాలినవి.
ఒక్కోదానికీ ఒక్కో లోటు:
ఎవరి మెడో తీసుకుపోయిన గుంట,
ఎవరి చంకకో కోసేసిన నెలవంక.
చొక్కాలన్నీ లారీ ఎక్కి వెళ్ళిపోయాక
చొక్కాల చుట్టూ మిగిలిన జాగా.

నాకు కావలసింది
రెండేళ్ళ పిల్ల వీపంత.
జానెడు, ఆ పైన నాలుగు వేళ్ళు.
కెలకలేదు. వేళ్ళ కొసలతో అడిగానంతే.
దొరికింది. ఆకుపచ్చ ఫ్లీసు, గొర్రెపిల్ల చెవిలా.
లాగి చూశాను: అడ్డంగా సాగుతోంది, నిలువునా సాగదు.
సరే.
నిలువునా సాగే పని పిల్ల చూసుకుంటుంది.

వదిన తిమోతేయా మిషను రాత్రి తొమ్మిది దాటితేనే నాది.
పాత పేపరు మీద కొలతలు గీశాను,
ఫుట్‌బాల్ స్కోర్ల మధ్య నుంచి చెయ్యి పోయింది,
చావుకబుర్ల మీద మెడ పడింది, అది జరిపి మళ్ళీ గీశాను.
కుడిచేతికి లేత పచ్చ, ఎడమచేతికి ముదురు పచ్చ.
ఒకే రంగు రెండు చేతులకీ రాలేదు మరి.
పోన్లే, ఇల్యారికి కుడి ఎడమలు నేర్పడం సులువు.
చేతి అంచులు మూడేసి వేళ్ళు లోపలికి మడిచి
పొడుగు కుట్లు వేశాను,
పీకితే ఊడొచ్చేటట్టు.

ఆగస్టులో ఆరోగ్య కేంద్రం.
బల్ల మీద నర్సు రొక్సానా, ఆమె పక్కన త్రాసు.
"కోటు విప్పండమ్మా, లెక్క తప్పొస్తుంది."
ఎంత తప్పొస్తుందో నాకు తెలుసు.
రెండువందల పది గ్రాములు, బొత్తాలతో సహా.
కిలోల్లో కొన్నదాన్ని, నాకు తెలీదా?

పోయినసారి కార్డులో పది కిలోల నాలుగొందలు.
బొత్తాం మీద నా చెయ్యి కాసేపు ఆగింది.
బజారులో పొడిబట్టే తూచమని పేచీ పెట్టినదాన్ని,
ఇప్పుడు ఈ కోటు సంచిలో పైదైతే,
గరువాలో తెల్లవార్లూ తడిసి ఉంటే
అనుకున్నాను.

విప్పాను.
పది కిలోల నాలుగొందల యాభై.

రొక్సానా చుక్క పెట్టింది, గీతకి కిందనే.
కోడినెత్తురు వేపుడు పెట్టు, పప్పు గట్టిగా వండు,
టీనీళ్ళు తాగించకు అంది. అన్నిటికీ ఊఁ కొట్టాను.
తర్వాత పిల్లని గోడకి నిలబెట్టి
నెత్తి మీద చెక్క ఆనించింది.
సెంటీమీటరున్నర, అంది, ఈసారి కాస్త గట్టిగా.

తిరిగి తొడుగుతుంటే చూశాను,
ముదురుపచ్చ చెయ్యి దాటి
మణికట్టు బయటికొచ్చింది.
ఎముక, దాని మీద చలికి లేచిన నూగు.

ఆ రాత్రి మిషను అడగలేదు.
దీపం కింద కూర్చుని
పొడుగు కుట్లు ఒక్కొక్కటే సూదిమొనతో ఎత్తాను.
దారం తెగకుండా వచ్చింది, మళ్ళీ రీలుకే చుట్టాను.
మడతలోంచి ఒక వేలెడు పచ్చ బయటపడింది,
మా గుట్ట దుమ్ము ఇంకా చూడనిది.
మిగతా రెండు వేళ్ళూ లోపలికే మడిచి కుట్టేశాను.