పలకని మెట్టు

ఆ సినిమాలో నేనుండానంటే
మా వీధిలో ఎవురూ నమ్మరు.
మణికట్టు దాకా ఉండాను, అంతే.
పదకొండు షాట్లు.
పైన మొహం హైదరాబాదు అబ్బోడిది.

మే నెల. చిత్తూరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు వరస కట్టి,
డ్రైవర్లు కాయల మీదే పండుకునే రాత్రులు.
సంతపేటలో టైర్ల అంగడి మిద్దె మీద
మేం ముగ్గురం.
దిల్షాద్ పాడేది.
చెంగల్రాయుడు పెయింటు డబ్బాలు బోర్లించి వాయించేవాడు.
నా ముందర మా నాయన పాత కీబోర్డు.
జాతర కచ్చేరీలకు పదేండ్లు తిరిగి తిరిగి
దాంట్లో ఒక మెట్టు చచ్చిపోయింది,
నడిమి స్థాయిలో నిషాదం.
నొక్కితే టక్కుమంటుంది, పలకదు.

బాగు చేయించు నాయనా అంటే
"అది లేకుండా వాయించేది నేర్చుకో,
రేపు ఏది లేకపోయినా తట్టుకుంటావు" అన్నాడు.
చాన్నాళ్ళు అది జ్ఞానమనుకున్నా.
రిపేరుకు దుడ్లు లేవని తర్వాత తెలిసింది.

నిషాదం దగ్గరికొస్తే
నా వేలు ఒక్క రవ్వ గాల్లో నిలబడి
పై షడ్జం మీదికి దూకేది.
ఆ గుంతని దిల్షాద్ గొంతుతో పూడ్చేది.
మా పాటంటే అదే,
నా గుంత, దాని గొంతు.

పిల్లకాయల బ్యాండు మీద కథంట.
హీరోకి కీబోర్డు రాదంట.
వాయించే చేతులు వెతుక్కుంటా సినిమావాళ్ళు మిద్దెక్కినారు.
డైరెక్టరు నా వేళ్ళు తిప్పి తిప్పి చూసినాడు,
సంతలో ఎద్దుకి పండ్లు చూసినట్టు.
"సన్నగా ఉన్నాయి. పర్లేదు, మావాడూ సన్నమే."

గాజులు తీయించినారు.
గోళ్ళు కత్తిరించి
గోరింటాకు పోయేదాకా నిమ్మచెక్కతో రుద్దినారు.
ఎడం బొటనవేలి కింద సొన మచ్చ,
ఏడో తరగతి సెలవల్లో మండీలో కాయలేరేటప్పుడు కాలింది.
మేకప్పాయన దానిమీద పౌడరద్ది
"ఇప్పుడిది హీరో చెయ్యి" అన్నాడు.

దినానికి ఎనిమిది నూర్లు, మధ్యానం బిర్యానీ.
చెంగల్రాయుడు ట్రాలీ తోసినాడు.
దిల్షాద్‌ని జనంలో నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నారు.
పాడమని ఎవురూ అడగలా.

సినిమా వచ్చేటప్పటికి ఏడాది దాటింది.
చెంగల్రాయుడికి బాయిలరు దగ్గర రాత్రి డ్యూటీ.
దిల్షాద్ వేలూరులో నర్సింగు.
మొదటాటకి నేను, మాయమ్మ,
కొంగులో దాచి తెచ్చిన చెనక్కాయలు.

తెరమీద ఆ పిల్లకాయలు కొట్లాడుకున్నారు,
మళ్ళా కలిసినారు,
వానలో తడస్తా ఎగిరినారు.
మా మిద్దె మీద మేమున్నన్నాళ్ళూ వాన పడలేదు.

ఇంటర్వెల్ అయినాంక,
బ్యాండు విడిపోయిన రాత్రి,
వాడొక్కడే కీబోర్డు ముందర.
తెర నిండా నా చేతులు.
మనిషంత బొటనవేలు.
షూటింగుకి తెచ్చింది కొత్త కీబోర్డే,
అన్ని మెట్లూ పలికేదే.
అయినా నిషాదం దగ్గర
నా వేలు గాల్లో నిలబడిపోయింది.
వేలు తగల్లేదు, స్వరం మాత్రం వినపడింది.
చెన్నైలో ఎవురో తర్వాత అతికించినారు.
సరిగ్గా దిల్షాద్ పాడే చోట.

వెనక సీట్లో ఒకాయన ముక్కు చీదుతా
"ఏం యాక్ట్ చేసినాడబ్బా" అన్నాడు.
మాయమ్మ ఏమీ అనలా.
తెరమీంచి చూపు తిప్పకుండానే
చీకట్లో నా ఎడం చెయ్యి వెతికి పట్టుకోని
ఆ మచ్చని తడవతా కూర్చునింది
పేర్లు పడి లైట్లేసేదాకా.
పేర్లలో నా పేరు లేదు.
ఆమెకి చదవను రాదు, నేనూ చెప్పలా.

ఆ రాత్రి దిల్షాద్‌కి ఫోన్ చేసినా.
"మన గుంత తెరమీద ఉండాదే.
ఇంటర్వెల్ అయినాంక ఇరవై నిమిషాలకి.
పోయి చూడు.
నోరు మూసుకోని మాత్రం చూడబాకు."