ఒక్కపొద్దు

ఘస్సాన్‌కి అప్పటికి వచ్చిన ఇంగ్లీషు
ఉప్పు పొట్లంలో పట్టేంత.
అందులో బాగా అరిగిన మాట ఒకటి: ఫాస్ట్.
ఫాస్ట్ అంటే వేగం. బస్సు ఫాస్ట్, ఫోను ఫాస్ట్.
రేవు మలుపులో వేయించిన చేప అమ్మే బండి మీదా అదే రాసుంది.

షెట్లాండ్ దీవిలో, స్కాలవే రేవులో, మొదటి రోజు
పడవ ముక్కు గట్టుకి తగిలీ తగలకముందే
గిబ్బీ ఇంక్‌స్టర్ మోకు విసిరి అరిచాడు:
"మేక్ ఇట్ ఫాస్ట్!"
మోకు భుజాన వేసుకుని ఘస్సాన్ పరుగెత్తాడు
గట్టు పొడుగునా, సముద్రపు కొంగలు లేచిపోయేలా.
పడవ కొంతదూరం వెంట వచ్చింది, పాలు మానని దూడలా.
తర్వాత దానికి విసుగొచ్చింది.
మోకు అరచెయ్యి ఒరుసుకుంటూ నీళ్ళలోకి జారింది.

"కట్టెయ్యమన్నానయ్యా! ఉరకమన్నానా?"
ఇనుప గుంజకి రెండు చుట్లు, పైన ఒక ముడి.
ఇదీ ఫాస్టంటే, అన్నాడు గిబ్బీ, బూటుకాలితో తన్ని చూపిస్తూ.
కదలనిది.

ఆ రాత్రి నోటుబుక్కులో
వేగం అని రాసుకున్నదాని కిందే
కదలనిది అని రాసి, పెన్ను ఆపాడు.
గుర్రాన్నీ అదే పేరుతో పిలిచి, గుంజనీ అదే పేరుతో పిలిస్తే
దేన్ని తెచ్చి దేనికి కట్టాలి?

ఆ మాట అప్పిచ్చినవాడిలా
సందుకొకచోట ఎదురయ్యేది.
గిబ్బీ అక్క ఓస్లా, ఎర్రరంగు వేసిన ఉన్నినూలును
వేడినీళ్ళలో ముంచి తీసి
నీళ్ళు తెల్లగానే ఉన్నాయని మురిసి, ఫాస్ట్, అంది.
ఐసు పెట్టెల మీద నిద్రపోయిన కుర్రాడు
ఎంత కుదిపినా లేవకపోతే అదీ ఫాస్టే.
"గట్టిగా పట్టుకుంటాం, గట్టిగా ఉరుకుతాం,
గట్టిగా నిద్రపోతాం. ఇందులో అర్థంకానిదేముంది?" అంటుంది ఓస్లా.
అతని చేతిగడియారం చూసి మళ్ళీ ఆవిడే:
"నీది రెండు గంటలు ఫాస్టు. సరిచెయ్యనా?"
వద్దన్నాడు. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.
యూఫ్రటీస్ ఒడ్డున, అతని ఊళ్ళో,
అది సరైన టైమే.

జూన్ వచ్చింది, రంజాన్ నెలను వెంటేసుకుని.
గిబ్బీ టీ అందిస్తే చెయ్యి అడ్డంపెట్టి
"ఐ యామ్ ఫాస్ట్" అన్నాడు ఘస్సాన్.
"నువ్వా! నలభై ఏళ్ళలో
నీ అంత నిదానస్తుణ్ణి నా పడవ ఎక్కించుకోలేదు."
నవ్వి, దగ్గి, ఆనక విషయం తెలిసి
ముసలాయన తలెత్తి చూశాడు.
పొద్దు ఆరింటికీ అక్కడే, తొమ్మిదింటికీ అక్కడే,
ఎవరో రెండు చుట్లు చుట్టి ముడేసినట్టు.

మన భాషలో ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటాం.
ఆ మాట పుట్టినచోట పొద్దులు బుద్ధిమంతులు,
వేళకొచ్చి వేళకి వాలతాయి.
పేరుకి తగ్గ పొద్దు దానికి
ఆ ఉత్తరపు కొసన దొరికింది.
పందొమ్మిది గంటలు, ఒక్కటే.

పది దాటింది. పెట్టెలు కడిగేశారు. కుర్రాడు ఇంటికి పోయాడు.
గిబ్బీ పోలేదు.
ఫ్లాస్కు మూత తియ్యకుండా గుంజ మీద కూర్చుని
వలలో చిక్కు విప్పుతున్నాడు,
చిక్కే లేనిచోట.

ఉప అంటే దగ్గర, వాసమంటే ఉండడం అని
ఎనిమిదో తరగతిలో విడదీసి రాశాను, రెండు మార్కులకి.
ఎవరి దగ్గరో అడగలేదు.

పది ముప్పై నాలుగుకి కుంగింది,
నీళ్ళనిండా ఎరుపు వదులుతూ.
ఓస్లా చూస్తే ఒప్పుకోని రంగు.
ఘస్సాన్ ఖర్జూరం విరిచి సగం ఇచ్చాడు.
గింజ గిబ్బీ సగంలో ఉంది.
చేతిగడియారంలో అప్పటికే అర్ధరాత్రి దాటి అరగంట.
ఎవరూ ఏమీ అనలేదు.
పడవ ఒకసారి మోకును లాగి చూసుకుంది.
ఆ ముడి ఘస్సాన్ వేసింది.