తెల్లగోడ

ఫుజేటాలో, సముద్రం కనిపించే గదికి
అద్దె రెట్టింపని తెలిసే వచ్చాడు తానెల్.
వచ్చీ రాగానే అడిగింది మాత్రం
ఒక తెల్లగోడ.

"మీటింగులో నా వెనక అలలు కనపడితే
మేనేజరుకి గిట్టదండీ."

గ్రసియెట్ మారు మాట్లాడలేదు.
గోడమీది అదెలీనుని దించి
మోచేత్తో గాజు తుడిచి
కింద ఉప్పుబస్తాల గదిలో
తన మంచం పక్కన ఆనించుకుంది.
మేకు మాత్రం ఊడిరాలేదు.

తెరమీద ఎండ పడుతోందని
మర్నాటికే కర్టెన్ కూడా లాగేశాడు.

పాటు వేళకి ఆమె బుట్టతో దిగుతుంది,
మోకాలిలోతు బురదలో ఆల్చిప్పలకి.
పోటు తిరక్కముందే ఒడ్డెక్కాలి.
అదెలీనుకి ఆ లెక్క
ఒక్కసారే తప్పింది.

శుక్రవారం తెరలోంచి ఎవరో నవ్వారు:
"నీ నెత్తిమీద ఆ మేకేంటోయ్?"

తానెల్ అప్పుడు
వెనక్కి తిరిగాడు.