నిచ్చెన కింద

మా చిలొయే దీవిలో వాన కురవదు,
కాపురముంటుంది.
మార్చిలో దిగితే నవంబరు దాకా
ఇల్లు ఖాళీ చేయదు.

చర్చి కప్పు మీద అలెర్సె చెక్క పెంకులు,
ముత్తాతలు చెక్కినవి,
చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి.
పొలుసు రాలిన చోటల్లా ఆకాశం లోపలికి కారేది.
మొదటి ఏడు ఒక బకెట్.
మూడో ఏటికి పదకొండు.
బలిపీఠం పక్కనున్న బకెట్ చప్పుడుకి
నా జపం లెక్క తప్పేది.

ఫాదరు పడవ మీద వస్తాడు, ఏడాదికి రెండుసార్లు.
తక్కిన ఆదివారాలు నావి.
తాళంచెవి నాది, ముందు వరస నాది.
బిషప్ గారికి ఉత్తరం రాసింది కూడా నేనే.
"ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉందాం" అన్నాను.
జనం ఆమెన్ అన్నారు,
బకెట్లూ అన్నాయి, చుక్క చుక్కగా.

గాలిలో దీపం పెట్టి భారం దేవుడిదన్నవాడు
కనీసం దీపమైనా వెలిగించాడు.
నేను అదీ చేయలేదు.

జూలైలో ఒక మంగళవారం
పాటు వేళ ఆల్చిప్పలు ఏరుకునే ఎదెల్మీర
రబ్బరు బూట్లతోనే వచ్చింది.
భుజాన నిచ్చెన, నడుముకి సుత్తి,
గంపలో తన వంటింటి గోడకి ఊడదీసిన
నలభై పెంకులు.

"మరి నీ గోడ?"
"గోనెపట్టా కట్టాను. నాకు కోటుంది, ఆమెకి లేదు."
గడ్డంతో చూపించింది,
చెక్క మరియమ్మ భుజాన
నీలిరంగు ఉబ్బి పెచ్చులూడుతోంది.
"బిషప్ గారి జవాబు రానీ" అన్నాను.
"రానీ. ఈలోపు ఈ మూల అయిపోతుంది."

ఎక్కింది.

నేను ఎన్నిసార్లు చదివి వినిపించిన కథ!
మందసం మోసినవాళ్ళు గట్టున ఉన్నంతసేపూ
యొర్దాను పొంగుతూనే ఉంది.
అరికాళ్ళు తడిశాకే దారిచ్చింది.
చదివిన ప్రతిసారీ
నా కాళ్ళకి పొడి మేజోళ్ళు.

బురదలో నిచ్చెన జారింది.
నా మోకాళ్ళకి పీట తెలుసు, బురద తెలియదు.
దిగబడి పట్టుకున్నాను.
తుప్పు మేకులు టోపీ మీద రాలాయి.
పైన ఆమె ఈల వేస్తోంది.
చర్చి మీద ఈలా! మందలిద్దామని నోరు తెరిస్తే
నోట్లో వాన పడింది.

ఎవరూ పిలవలేదు.
గంట మోత కంటే సుత్తి మోత దూరం పోతుంది కాబోలు.
మధ్యాహ్నానికి కార్కమో కవలలు గొడ్డళ్ళతో,
పడవలు చేసే లిసాంద్రో తారు డబ్బాతో.
ఇరవై ఏళ్ళుగా గడప తొక్కనివాడు
ఇవాళా తొక్కలేదు,
నేరుగా కప్పెక్కాడు.

కనిపెట్టడమంటే ఎదురుచూడటమనుకున్నాను.
కళ్ళు తెరిచి చూడటం కూడానట.
చూస్తే అంతా అక్కడే ఉంది:
చిల్లు, చెక్క, చెయ్యి.
మూడేళ్ళు ఆయనే నా కోసం
వానలో నిలబడ్డాడేమో, తెలియదు.
అడగాలంటే సిగ్గుగా ఉంది.

అక్టోబరులో జవాబొచ్చింది:
పరిశీలనలో ఉందట.
మర్యాదగా మడిచి
నిచ్చెన కాలి కింద పెట్టాను,
అటువైపు నేల కాస్త పల్లం.

ఇంకా నాలుగు బకెట్లున్నాయి.
మాకు గాలివాన వచ్చేది ఉత్తరం నుంచే,
ఆ వైపు కప్పు రేపు.
నేనెక్కుతానన్నాను.
ఎదెల్మీర నా బూట్ల వంక చూసి
ఏమీ అనలేదు,
సుత్తి మాత్రం నా చేతికిచ్చింది.