సెలవు చీటీ

మిష్రిఫ్‌లో మేడ మీద నా గది.
పక్కనే నీళ్ల ట్యాంకు,
ఆగస్టులో అది ఎసరు కుండలా కాగుతుంది.
ఇల్లంతా నిద్రపోయాక
లుల్వా పాత ట్యాబ్ మీద
ఉద్యోగం అడిగే ఉత్తరం రాస్తున్నా.
ఫహాహీల్‌లో ఏదో సంస్థ,
ఇంగ్లీషు నేర్పేవాళ్లు కావాలంట.

మొదటి వాక్యం దగ్గరే ఇరుక్కున్నా.
ఎట్లా మొదలుపెట్టినా
వేళ్లు తిన్నగా ఆరో తరగతికి పోతున్నాయి:
'జ్వరముతో బాధపడుచున్నందున
రెండు దినములు సెలవు ఇప్పించ ప్రార్థన.'

ఓబులేసు సారు నేర్పిన ఇంగ్లీషు ఉత్తరం అదొక్కటే.
అరవై మందికీ ఒకటే జ్వరం.
మాండవ్య పొంగినా, మేనత్త పెళ్లయినా,
చెనక్కాయలు పెరకడానికి కూలికి పోయినా
ఇంగ్లీషులో మాత్రం అందరం జ్వరంతోనే బాధపడేవాళ్లం.
అడుగున 'తమ విధేయురాలు'.
ఆ మాటకు స్పెల్లింగు తప్పితే
పిక్కల మీద బెత్తం.

విధేయురాలు.
ఆరేళ్లుగా ఈ ఇంట్లో అదే ఉద్యోగం,
స్పెల్లింగు మాత్రం ఎవరూ అడగలేదు.

'బోధనానుభవం' అన్న చోట ఏం పెట్టాలి?
ఇరవై నంబరు వీసా అనా?
ఖద్దామా అనా?

ఐదేళ్ల లుల్వాకు 'ప' పలికేది కాదు.
వాళ్ల అక్షరాల్లో అది లేదు.
బెన్సిల్, బేబర్, బింక్.
పుట్టినరోజుకు మిగిలిన కొవ్వొత్తి
వంటింటి గట్టు మీద వెలిగించి
దాని మూతి ముందు పెట్టా.
పెన్సిల్ అంటే మంట వణకాల,
బెన్సిల్ అంటే అది నిన్ను లెక్కచెయ్యదు.
పన్నెండో రాత్రి
మంట వణకలేదు, ఆరిపోయింది.
చేపల వాసన చేతులతోనే
ఇద్దరం పట్టుకుని గెంతినాం.
దీనికి సర్టిఫికెట్ ఎవరిస్తారు,
కొవ్వొత్తా?

ప్రకటనలో ఇంకో మాట ఉంది:
'మాతృభాష ఇంగ్లీషు అయినవారికి ప్రాధాన్యం.'
అమ్మ నన్ను ఉర్దూలో కనింది.
బడి తెలుగులో కొట్టింది.
రాయచోటి నుంచి కడపకు బస్సులో నిలబడి
ఎమ్మే ఇంగ్లీషులో పాసయ్యా, రెండో శ్రేణి.
ఈ వంటిల్లు అరబ్బీలో కేకలేస్తుంది.
కాలికి గడప తగిలితే 'అబ్బా' అంటాను.
అది నొప్పో, మా నాయనో
సంస్థ వాళ్లే తేల్చుకోవాల.

తలుపు కిర్రుమంది.
చెప్పుల్లేకుండా లుల్వా, పదకొండేళ్లది,
నీళ్లకోసమని అబద్ధం.
వాళ్లమ్మ ఉంటే దిల్షాద్ అంటుంది,
లేకపోతే మిస్.

ఉత్తరం చదివింది.
'దయచేసి'లు నాలుగు లెక్కపెట్టి చెరిపింది.
'వినయపూర్వకంగా' చెరిపింది.
ఎందుకిన్ని అంటే మర్యాద అన్నాను.
'వాళ్లకు నువ్వు కావాలి, నో?' అంది.
చివరి ఆ 'నో' బడిలో నేర్చింది కాదు.
రాయచోటి 'గదా'కు ఇంగ్లీషు చొక్కా తొడిగి
నేనిచ్చిందే.

పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉంది,
వీసా మారుతుందో లేదో దేవుడెరుగు,
ఇవేవీ అది అడగలేదు.
'ఎప్పుడు చేరగలరు' అన్న చోట ఖాళీ చూసి
సెప్టెంబర్ అని కొట్టింది.
కాసేపు చూసింది.
దాని బడి తెరిచేది సెప్టెంబర్‌లోనే.
చెరిపేసి
అక్టోబర్ అని కొట్టింది.

నేను దిద్దలేదు.

అది కిందికి దిగిపోయాక
చివర నా పేరు కొడుతుంటే
దాని పైన మళ్లీ 'తమ విధేయురాలు' వచ్చి కూర్చుంది.
ఒక్కో అక్షరమే చెరిపా, స్పెల్లింగు చూసుకుంటూ.
తప్పులేదు.

బ్యాటరీ మూడు శాతం ఉండగా పంపించేశా.
ట్యాంకులో నీళ్లు గుటకేసిన చప్పుడు.
నుదురు పట్టి చూసుకున్నా,
కాలుతోంది.
ఇన్నేళ్లకు, సారూ,
నిజంగానే జ్వరమొచ్చినట్టుంది.