ఒస్, ఓస్

చండూరు దాటినంక బస్సు దిగి
పత్తిచేన్ల నడుమ రెండు కిలోమీటర్లు నడిస్తే
మా ఉపదేశి రాయప్ప తాత ఇల్లు.
నన్ను చూసి లేవలే. లేవాలంటే ఆయనకు
గోడ, కట్టె, మనిషి, ఒక బూతు
అన్నీ కావాలె.

"రోమాపురి పోయొచ్చినవంట గద పిల్లా,
పాపుగారు కనబడ్డడా?"
దూరంకెళ్లి, తెల్లటి చుక్కంత, అన్న.
"చుక్కనే గద చూడాల్సింది" అన్నడు.

తొమ్మిదేండ్లప్పుడు పీఠం కాడ మోకరించి
గంట కొట్టుకుంట లాటిను జవాబులు చెప్పినోడు.
దొర ఫాదరు ఇటు తిరిగి చేతులు చాపి ఏదో అంటే
ఎత్ కుం స్పిరితూ తూవో అనాలె.
ఆ చెవికది ఎత్తుకుం అని పడ్డది.
ఎవరో వచ్చి ఎత్తుకుంటరని
రోజూ పొద్దున ఐదింటికి, చలిల,
దేవుణ్ని అదే అడుగుతున్ననని అనుకున్నడు.

నేను పోయింది అర్థాలు తేవడానికి.
పన్నెండు రోజులు పాత రాతిబాట,
మడిమలకు బొబ్బలు, మెడల జపమాల,
రాత్రి ప్రార్థన ముగిసేదాక
నోట లాటిను తప్ప ఇంకో మాట రావద్దని ఒట్టు.
ఉప్పు కావాలన్నా, చెప్పు తెగిందన్నా
అందరూ చచ్చిందనే భాషలోనే చెప్పాలె.
పోలండు పిల్ల అగ్నిష్కా ఏడ్చింది గూడ అందులోనే,
ముందు క్రియాపదం వెతుక్కోని.

విభక్తులకు నేను జడవలే.
నల్లగొండ హాస్టల్ల తెలుగు సారు
ఒంటికాలి మీద నిలబెట్టి డుమువులు నేర్పిండు.
తొమ్మిదో రోజు ఒక మాట కాడ
గుంపంతా ఆగింది.
హ్రస్వమైతే ఎముక, దీర్ఘమైతే నోరు.
ఒస్. ఓస్.
మళ్ల అనమన్నడు పంతులు, మళ్ల అనమన్నడు,
ఏడు దేశాల పిల్లలకు తేడా చిక్కలే.
నాకు మొదటిసారికే చిక్కింది.
ఒడి, ఓడి. కొడి, కోడి.
పాలతో పాటు తాగిన లెక్క ఇది.
"భలే" అన్నడు పంతులు. వాళ్లు చప్పట్లు కొట్టిన్రు.
నేను తల దించుకున్న.
మా ఊర్లె అది వ్యాకరణం కాదు గద.
నోట్ల పోసుకున్నది ఎముకల దిగుతది.
బోరింగు నీళ్లు దీర్ఘంల నుంచి హ్రస్వంలకు
నలభై ఏండ్లు నడిచినయి, చప్పుడు చెయ్యకుంట.

ఆ బాట పొడుగునా రాతి తొట్లు,
రాత్రింబగళ్లు ఊకెనే కారే నీళ్లు.
మొదటి పుక్కిలి ఉమ్మేసిన, అలవాటు.
రెండోది నాలుక మీద నిలిపి చూసిన.
ఏ రుచీ లేదు.
రుచి లేకపోవడాన్ని లాటినుల ఏమంటరో
అడగబోయి ఊకున్న.

"తాతా, ఎత్తుకొమ్మని కాదు,
నీ ఆత్మతో కూడ అని దానర్థం."
కట్టె కొనతోని మట్టిల గీతలు గీసిండు కొంచెంసేపు.
"ఒకపారి జరమొస్తే నన్ను ఆ ఫాదరే ఎత్తుకుండు,
సైకిలు మీద, నల్లగొండ దవాఖానదాక.
సగం తొవ్వల టైరు పోతే భుజాన ఏసుకుండు.
తప్పెట్లయితదే?"

మాట మార్చి ఒస్, ఓస్ చెప్పిన.
రెండుసార్లు తనలో తాను అనుకోని
గోధుమరంగు గీతల పండ్లతోని నవ్విండు.
"రెండు మాటలెందుకు వాళ్లకు?"

నల్లా వచ్చే యాళ్లయింది, కృష్ణ నీళ్లు.
ఆయనకు దగ్గరుండి బిందె పెట్టించాలె,
వచ్చిన్నాటి నుంచి ఒక్కనాడు తప్పలే.
గోడ పట్టిండు, కట్టె పట్టిండు.
బూతు నోటికొచ్చేలోపు
చంకల కింద చేతులేసిన.
ఏముంది బరువు, ఎండిన జొన్నకట్ట.
ఎత్తుకుం, అన్నడు చెవిల,
ఏ భాషలనో అడగలే.
అప్పటికే బిందె పొర్లుతున్నది.