వెనక వరుస

మా ల్యాబులో సముద్రం పొడవు పద్దెనిమిది మీటర్లు,
వెడల్పు నా చేతులు చాచినంత కూడా లేదు.
అటూ ఇటూ గాజు, కింద ఇనుప స్టాండు.
స్విచ్చేస్తే పోటు,
తిప్పి వేస్తే ఆటు.
హైదరాబాదులో చంద్రుడి పని నాది,
జీతం పదహారు వేలు.

శార్వాణి మేడమ్ పరిశోధనకి
ఖదీర్ భాయ్ చేసిచ్చిన బొమ్మ టర్బైన్లు,
మూడు రెక్కలవి, జామకాయంతవి.
మొదట ఒక్కదాన్నే దించాం.
ఏం తిరిగిందో!
దాని వెనక ఇంకోటి దించాం.
అదీ తిరిగింది,
జ్వరంతో డ్యూటీకొచ్చిన మనిషిలా.

సిరంజితో రంగు వదిలాను.
స్కేలు పెట్టి గీసినట్టు వచ్చిన ఎరుపు
మొదటి రెక్కలు దాటగానే చిక్కుపడి, సుడి తిరిగి,
ఎటు పోవాలో మరిచింది.
దీన్ని వేక్ అంటారంది మేడమ్.
రిజిస్టర్లో నేను 'అలిసిన నీళ్ళు' అని రాశాను.
ఆమె చూసింది, కొట్టెయ్యలేదు.

తర్వాత పక్కకి జరిపాం,
ముందు వరుస సందుల్లోకి వెనక వరుస.
సందుల్లో నీళ్ళు ఉరికాయి, వెనకవీ ఉరికాయి.
మొత్తం పదహారూ దించేసరికి మాత్రం
ఎగువన మట్టం రెండు మిల్లీమీటర్లు లేచింది.
"గాజుంది కాబట్టి ఆగాయి" అంది మేడమ్,
"అసలు సముద్రమైతే
మన అత్యాశ చూసి పక్కనుంచి పోతుంది."

వారాసిగూడలో మా గల్లీకి
రోజు విడిచి రోజు, తెల్లారి నాలుగున్నరకి నల్లా.
పద్నాలుగు ఇళ్ళు. పద్నాలుగోది మాది.
మొదట మోటరు బిగించింది ఇస్త్రీ బిచ్చప్ప,
తర్వాత ఒక్కొక్కరూ.
మా నల్లా మూతికి చెవి ఆనిస్తే
లోపల ఎవరో దగ్గుతున్నట్టుంటుంది.
మేమూ కొన్నాం మోటరు, అప్పు చేసి.
అది గాలి తోడింది.

ఫోన్లో ఎర్రనీళ్ళ వీడియో బిచ్చప్పకి చూపించాను.
రెండుసార్లు చూశాడు.
"మంచిగుంది బిడ్డా.
మరి ముందుగాల ఎవరు బంద్ చెయ్యాలె?"
లెక్కలో ఆ గడి లేదు.

మొన్న మంగళవారం సరిగ్గా నాలుగూ నలభైకి
కరెంటు పోయింది.
గల్లీ అంతా ఒక్కసారి మోటర్ల గొంతు నొక్కేసినట్టు.
చీకట్లో తడుముకుంటున్నాను అగ్గిపెట్టె కోసం.
ఖాళీ బిందె అడుగున
ఏదో టంగుమంది.
మళ్ళీ టంగుమంది.
తర్వాత ఆగకుండా.
"దీపం పెట్టకే" అంది అమ్మ,
"నిండనీ."